ఏడు కిలోల లోపు

ఆగస్టు 6, ఆదివారం

టికెట్లు కొనేశాం. నవంబరు తొమ్మిదిన బయలుదేరి డిసెంబరు పదిన తిరిగొస్తాం. ముప్పై రెండు రోజులు, నాలుగు దేశాలు, వీపున చెరో సంచీ. అమ్మాయి ఫోనులో మొత్తం విని, "నాన్నా, మీ ఇద్దరికీ మతి గానీ పోయిందా?" అంది. పోయిందనే చెప్పాను.

ఈ పుస్తకం కాటాలు బాగుచేసే నా షాపులో, సొరుగులో, పాత స్ప్రింగుల కింద ఉంటుంది. మా ఆవిడ చదువుతుందని భయం కాదు. ఎవరూ చదవరనుకుంటేనే నాకు పెన్ను కదులుతుంది.

దేశాలకు ఆవిడ తన పేర్లు తనే పెట్టుకుంది. పడవల మీద కూరగాయలు అమ్మేది పడవల దేశం. తరువాత ఏనుగుల దేశం, దీవుల దేశం, చివరిది నోరు తిరగని దేశం. అన్నీ ఎండా వానా తప్ప మూడో కాలం ఎరగని చోట్లు. ఇదంతా మా బావ పుణ్యం. ఆయన మా ఆవిడకు అన్న. పాతికేళ్లు ఓడల్లో వంట చేసి మొన్న రిటైరయ్యాడు. మా ఇంట్లో కూర్చుని ఒక్కో రేవు సంగతీ చెబుతుంటే ఈవిడ కుట్టు మిషను ఆపేసి మరీ వింటుంది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ మిషను నా మాట కోసం ఒక్కసారి ఆగితే ఒట్టు.

చవక విమానం కాబట్టి లోపలికి తీసుకెళ్లే సంచీ ఏడు కిలోలు దాటకూడదు. దాటితే దాదాపు ఇంకో టికెట్టంత కట్టమంటారు. సాయంత్రం ఆవిణ్ణి షాపుకు రమ్మని పెద్ద కాటా ఎక్కించాను. సంచీతో 67.2. సంచీ దించితే 58. అంటే సంచీ 9.2.

"సంచీని నేరుగా కాటా మీద పెట్టొచ్చుగా బావా?" అని మా ఓడ వంటవాడి తెలివి. పెద్ద కాటా బస్తాల కోసం చేసింది. పది కిలోల లోపు దాని మాట నమ్మకూడదు. చిన్న కాటాలు షాపు నిండా ఉన్నాయి, కానీ అవన్నీ బాగుచేయమని జనం ఇచ్చి వెళ్లినవి. ఇంకొకరి కాటా మీద సొంత తూకం వేయకూడదనేది మా నాన్న పెట్టిన నియమం. అందుకని మనిషిని సంచీతో ఒకసారి, సంచీ లేకుండా ఒకసారి తూచాలి. తేడా చూసుకోవాలి. అంతే.

నాది 80.9, 71.5. సంచీ 9.4. నవ్వుకుంటే నవ్వుకోండి.

ఆగస్టు 13

బావ న్యాయమూర్తిలా కూర్చుని సంచీలు రెండూ మంచం మీద బోర్లించాడు. "మూడు జతలు చాలు. ఒకటి ఒంటి మీద, ఒకటి తీగ మీద, ఒకటి సంచీలో. అక్కడి వానలో గొడుగు ఎందుకూ పనికిరాదు, తీసెయ్. ఇదేంటి బావా?"

స్క్రూడ్రైవర్ల పెట్టె. ముప్పై ఏళ్లుగా అది జేబులో లేకుండా గడప దాటలేదు. విమానం ఎక్కనివ్వరట. ఆ ముక్క చెప్పేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోయింది.

ఆగస్టు 20

65.6. 57. సంచీ 8.6.

రోజూ పొద్దున్నే సంచీలు తగిలించుకుని నాలుగు వీధులు తిరుగుతున్నాం. ఒక కిలో తగ్గదా మరి. బేకరీ ఆయన, "ఏంటి సార్, ఊరొదిలి పారిపోతున్నారా?" అని అడిగాడు. "నవంబరు దాకా ఎవరికీ చెప్పకు," అన్నాను. మా ఆవిడ అరకిలోమీటరు దాకా నవ్వుతూనే ఉంది.

నడక ఆవిడకు బాగా పడింది. ఆకలి దంచేస్తోంది. ఇవాళ తన పళ్లెం ముగించి నా పళ్లెంలో చెయ్యి పెట్టింది. పెళ్లైన కొత్తలో ఎంత బతిమాలినా పెట్టేది కాదు.

ఆగస్టు 29

సూదిలో దారం ఎక్కించమంది. ఎప్పుడూ అడగనిది. కళ్లజోడు మార్పించుకోవాలట. చెయ్యి కాస్త వణికినట్టనిపించింది. బడి యూనిఫారాల కాలం, రోజంతా కత్తెర పట్టే చెయ్యి, వణక్కేం చేస్తుంది.

సెప్టెంబరు 3

63.4. 55.4. సంచీ 8.

కాటా ఎక్కడో తేడా చేస్తోంది. రాళ్లతో సరిచూద్దామంటే నా తూకం రాళ్లన్నీ ఏడాదికోసారి వేయించే ముద్ర కోసం తూనికల కొలతల ఆఫీసుకు వెళ్లాయి. అక్టోబరుకు గానీ రావు.

ప్రయాణానికని కుట్టుకున్న ప్యాంటు వేసుకుని అటూ ఇటూ తిరిగి చూపించింది. నడుం దగ్గర ఎంత చక్కగా కూర్చుందో. ఎన్నేళ్లొచ్చినా ఆవిడ చేతిపనికి వంక పెట్టలేం. ఆ మాటే అన్నాను.

సెప్టెంబరు 10

ఇవాళ 54.4 చూపించింది. ఇక లాభం లేదని కాటాకు వైద్యం మొదలుపెట్టాను.

మా ఆవిడ యాభై ఎనిమిది కిలోలు. పెళ్లైన ఏడాది నాన్న సరదాకి తూచినప్పుడు యాభై ఎనిమిది. అమ్మాయి పుట్టి ఏడాది తిరిగేసరికి మళ్లీ యాభై ఎనిమిది. అమ్మాయి పెళ్లి పనుల్లో పరుగులు పెట్టినప్పుడూ అంతే. రాళ్లు లేకపోతే ఏం, ఇంతకంటే నమ్మకమైన రాయి నాకెక్కడ దొరుకుతుంది? ఆవిణ్ణి కాటా మీద నిలబెట్టి, వెనక చెక్క తీసి, ముల్లు యాభై ఎనిమిది మీదికి వచ్చేదాకా మర తిప్పాను.

"అయిందా?" అంది.

"అయింది."

"ఇప్పుడెంత?"

"యాభై ఎనిమిది."

నా వైపు చూసింది. "సరే," అని దిగింది.

సంచీ ఎనిమిది. ఈ వారం అరకిలో సామాను తీసేశానని అంటుంది, ముల్లు మాత్రం ఎనిమిదే అంటోంది. ఆ తరువాత నేనెక్కితే 76.2! బావ కుర్చీలోంచి లేచి మరీ వచ్చి చూశాడు. "దేశాలు తిరగడానికి కాదు బావా, నిన్ను చూడ్డానికే జనం వచ్చేట్టున్నారు," అన్నాడు.

సెప్టెంబరు 12

డెబ్బై ఆరు! రాత్రి భోజనం మానేశాను.

సెప్టెంబరు 17

వాన. తూకం వేయలేదు.

సెప్టెంబరు 20

పడవల దేశంలో బస ఖాయం చేశాం. ఒక గదిలో ఎనిమిది మంచాలు, కిందా పైనా. మా ఇద్దరికీ కిందా పైనా దొరికింది. పైమంచం నాకు కావాలంటే నాకని పావుగంట కొట్లాడుకున్నాం. చివరికి రోజు విడిచి రోజు అని ఒప్పందం.

ఈమధ్య ఆవిడకు ఒకటే ఉక్క. కిటికీలన్నీ బార్లా తెరిచి కూర్చుంటుంది. మనం వెళ్లకముందే ఆ దేశాల ఎండ ఇక్కడికి వచ్చేసిందని ఏడిపించాను. నవ్వింది. నవ్వినప్పుడు మెడ దగ్గర అచ్చం మా అత్తగారిలా ఉంది. పోయేనాటికి ఆవిడకు యాభై నాలుగేళ్లు. మా ఆవిడకు ఇప్పుడు అంతే.

ఏనుగుల దేశంలో బస్సు ఎక్కడ మారాలో బావను అడగాలి.

సెప్టెంబరు 24

వాన లేదు. తూకం వేయలేదు.

సెప్టెంబరు 28

"ఆదివారం తూచరా?" అని అడిగింది.

"ఎందుకోయ్, సంచీ దాదాపు అయిపోయిందిగా," అన్నాను.

అక్టోబరు 3

రాళ్లు వచ్చాయి. ఇరవై కిలోల రాయి పెడితే 21.3 చూపించింది. రెండు రాళ్లు పెడితే నలభై రెండు దాటింది. ముందు రాళ్లే తప్పేమో అనుకున్నాను. కొత్తగా ముద్ర వేయించుకుని ఇవాళే వచ్చిన రాళ్లను. ముప్పై ఏళ్లు ఈ పని చేసినవాణ్ణి.

మర వెనక్కి తిప్పి సరిచేశాను. నేనెక్కితే డెబ్బై ఒకటి. మూడు వారాలు రాత్రిపూట కడుపు మాడ్చుకున్నందుకు అరకిలో.

అక్టోబరు 4

ఆవిణ్ణి రమ్మనలేదు.

అక్టోబరు 5

మధ్యాహ్నం షాపు మూసి ఇంటికి వెళ్లాను. ఆవిడ బట్టలు ఇవ్వడానికి బడికి వెళ్లింది. మిషను మీద ఆ ప్రయాణం ప్యాంటు తిరగేసి ఉంది. నడుం పక్కన కుట్టు విప్పి మళ్లీ వేసింది. దాని పక్కన పాత కుట్టు తాలూకు సూది బెజ్జాలు వరసగా కనబడ్డాయి. వాటి పక్కన ఇంకో వరస. ఆ పక్కన ఇంకొకటి. వరసకూ వరసకూ మధ్య వేలి మందం దూరం.

నేను ఆ కుర్చీలోనే కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. ఆవిడ వచ్చి, గుమ్మంలో ఆగి, నా ఒళ్లో ప్యాంటు చూసింది.

"రాళ్లొచ్చాయి," అన్నాను.

"ఓహో."

"కాటా బాగానే ఉంది. ముందునుంచీ."

చేతిసంచీ కింద పెట్టింది. "నాకూ టేపు ఉందిగా," అంది. "ఆగస్టు నుంచీ కొలుచుకుంటూనే ఉన్నా. మీరక్కడ కాటా సరిచేశారు, నేనిక్కడ ప్యాంట్లు సరిచేశాను."

"ఎంత తింటున్నావు, అయినా ఎందుకిలా..."

"అమ్మ కూడా చివర్లో బాగానే తినేది," అంది. "చెప్తే మీరు ప్రయాణం మానిపించేవారు. పడవలు చూసొచ్చాక చూపించుకుందామనుకున్నా. అక్కడినుంచి వచ్చాక ఎవరేం చెప్పినా పరవాలేదనుకున్నా. ముప్పై రెండు రోజులు, అంతేగా."

నాకు కోపం వచ్చింది. అరిచాను కూడా. ఏం అరిచానో రాయడం దండగ. ఆవిడ విని, వంటింట్లోకి వెళ్లి టీ పెట్టింది. కప్పు సాసరులో టకటకలాడుతూ వచ్చింది. అది లాక్కుని బల్ల మీద పెట్టి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను. వణుకు ఆగలేదు. ఎవరిదో తెలియలేదు.

అక్టోబరు 6

డాక్టరు దగ్గరికి వెళ్లాం. రక్తం తీశారు. మెడకు స్కానింగు. బావ వెంట వచ్చాడు. దారి పొడవునా ఒక్క రేవు గురించి కూడా మాట్లాడలేదు.

అక్టోబరు 7

ఫలితాలు రాలేదు.

అక్టోబరు 8

ఆదివారం. పొద్దున్నే ఇద్దరం నడకకు వెళ్లాం, సంచీలు లేకుండా. బేకరీ ఆయన ఏమీ అడగలేదు.

అక్టోబరు 9

అమ్మాయికి చెప్పాం. వచ్చింది. తల్లి పక్కన మంచం మీద ముడుచుకుని పడుకుంది, బడికి వెళ్లే వయసులోలాగా.

అక్టోబరు 11

అది కాదు. మా అత్తగారిని తీసుకుపోయిన జబ్బు కాదు.

డాక్టరమ్మ కాగితం మీద మెడ బొమ్మ వేసి చూపించింది. గొంతు దగ్గరి థైరాయిడ్ గ్రంథి పట్టపగ్గాల్లేకుండా పనిచేస్తోందట. ఎంత తిన్నా ఒంటికి పట్టనివ్వదు, చేతులు వణికిస్తుంది, ఉక్కపోయిస్తుంది, గుండెను పరిగెత్తిస్తుంది. మందులతో దారికి వస్తుంది. "కానీ ఇంకా ఆలస్యం చేసి ఉంటే గుండెకు ముప్పు," అంది.

"నవంబరు తొమ్మిదిన మేము..." అని మొదలుపెట్టింది మా ఆవిడ.

"ఆ మాట మరచిపోండమ్మా. ఆ ఎండల్లో బరువు మోసుకుని తిరిగే గుండె కాదు ఇప్పుడు మీది."

బయట బల్ల మీద కూర్చున్నాక ఏడ్చింది. బతికినందుకు ఏడ్చిందనుకున్నాను. "పడవలండీ," అంది. నాకు ఏడుపు ఆగి నవ్వొచ్చింది, నవ్వు ఆగి మళ్లీ ఏడుపొచ్చింది. ఎదురుగా ఉన్న నర్సు మంచినీళ్లు ఎవరికివ్వాలో తెలియక ఇద్దరికీ ఇచ్చింది.

అక్టోబరు 15

పొద్దున్న మళ్లీ అడిగాను. ఇక అడగకూడదనుకుంటూనే. "నాకెందుకు చెప్పలేదు? ఆగస్టు నుంచీ! నేనేమైనా పరాయివాణ్ణా?"

ఆవిడ పిల్లల చొక్కాకు గుండీ కుడుతోంది. మందులకు చెయ్యి ఇంకా పూర్తిగా కుదురుకోలేదు. గుండీ వదిలేసింది.

"నేను చెప్పలేదు, నిజమే," అంది. "చెప్పడానికి నోరు రాలేదు. కానీ ప్రతి వారం షాపుకొచ్చి మీ కాటా ఎక్కి నిలబడ్డానుగా. మీరు పిలిచిన ఒక్కసారి కూడా మానలేదు. ఇవాళైనా మీరు 'ఏంటోయ్ ఇలా తగ్గావు' అని అడుగుతారు, అడిగితే అప్పుడు చెప్పేద్దాం అనుకునేదాన్ని. మీరేమో మర తిప్పి యాభై ఎనిమిది అన్నారు."

షాపుకు వచ్చేశాను. ఆదివారం, షట్టరు సగమే ఎత్తాను.

ఇప్పుడు రాస్తాను. సెప్టెంబరు పదిన మర తిప్పకముందు ఖాళీ కాటా చూశాను. ముల్లు సున్నా మీదే ఉంది. తరువాత నేనెక్కి చూసుకున్నాను. డెబ్బై ఒకటిన్నర. ఆగస్టులో ఎంతో అంతే, వెంట్రుకవాసి తేడా లేదు. అప్పుడే తెలిసింది నాకు. కాటా తప్పు కాదని తెలిసింది. తెలిసీ ఆవిణ్ణి పిలిచి, ఎక్కించి, మర తిప్పాను. ఇక్కడ మాత్రం 76.2 ఒక్కటే రాసుకున్నాను, బావ జోకుతో సహా. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాశాను.

భయపడ్డాను. మా అత్తగారు నెలనెలా చిక్కిపోవడం నేను కళ్లారా చూశాను. ఆ కబురు మళ్లీ ఇంట్లోకి రావడం నాకు ఇష్టం లేకపోయింది. ముల్లు అక్కడ ఉంటే చాలనుకున్నాను.

అక్టోబరు 16

నిన్న రాసిందంతా ఆవిడకు చెప్పాను. చదివి వినిపించలేదు, నోటితోనే చెప్పాను. అంతా విని, "సగం నేనూ అదే చేశాగా," అంది. మధ్యాహ్నం దాకా మామూలు మాటలే. అప్పుడు ఉన్నట్టుండి, "కానీ మీరు చేసింది ఎక్కువ," అంది. ఒప్పుకున్నాను.

అక్టోబరు 30

చేతి వణుకు తగ్గింది. సూదిలో దారం తనే ఎక్కించుకుంది. నాకు చూపించడానికని తీసి మళ్లీ ఎక్కించింది.

నవంబరు 9

మా విమానం పొద్దున పదకొండుకు వెళ్లిపోయింది. డబ్బులు వెనక్కి ఇవ్వరు. ఆవిడ పదకొండు దాకా గడియారం చూసి, తరువాత బడివాళ్ల నిక్కర్లు ముందేసుకుంది. బావ సాయంత్రం వచ్చి ఏదో రేవు కథ మొదలుపెట్టబోతే నేను కళ్లతో వద్దన్నాను. "చెప్పన్నయ్యా," అంది ఆవిడ. మిషను ఆపేసింది.

డిసెంబరు 14

డాక్టరమ్మ నాడి చూసి, గుండె పరీక్ష కాగితం చూసి తల ఊపింది. మందు మానకూడదు. అయితే ఫిబ్రవరిలో పది పన్నెండు రోజులు ఎక్కడికైనా వెళ్లొచ్చట. ఒక్క దేశం. బరువు మోయకూడదు.

మందుల చీటీ కోసం వసారాలో బల్ల మీద కూర్చున్నాం. ముందు ఇంకా తొమ్మిది మంది ఉన్నారు. ఈ రెండు నెలలుగా నేను మాత్ర వేసుకున్నావా, పాలు తాగావా, నిద్రపట్టిందా అని అడుగుతూనే ఉన్నాను. అదంతా లెక్క చూసుకోవడమే. ఇవాళ ఆవిడ వైపు తిరిగి అడిగాను.

"ఎలా ఉన్నావోయ్?"

నేను అడిగిన తీరుకేమో, వెంటనే బాగున్నానని అనలేదు. ఆలోచించుకుంది.

"మోకాళ్లు లాగుతున్నాయి. ఆకలి మామూలుగా వేస్తోంది. పొద్దున్నే లేవగానే మెడ తడుముకుంటాను, ఎందుకో తెలీదు. భయం సగం తగ్గింది." నా వైపు తిరిగింది. "మీకో?"

ఈ నాలుగు నెలల్లో నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

"నాకు తగ్గలేదు," అన్నాను. "అసలేం తగ్గలేదు. నువ్వు పక్క గదిలో దగ్గితే చేతిలో పని ఆగిపోతుంది."

ఆవిడ నా చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. అంతమంది ఎదురుగా. ముప్పై ఒక్క ఏళ్లలో వీధిలో నా చెయ్యి పట్టుకోని మనిషి.

"సరే అయితే," అంది. "తగ్గేదాకా ఆగితే ఇద్దరం ఎక్కడికీ కదలం. పడవల దేశానికి టికెట్లు చూడండి. భయంతోనే వెళ్దాం."

షాపుకు వచ్చి టికెట్లు కొన్నాను. ఫిబ్రవరి నాలుగు, పదకొండు రోజులు. సామానుకు అదనంగా కట్టాను.